సుంగై సిపుట్ ఫ్రెంచి జనరల్

పోయిన నెల మలేషియాలోని సుంగై సిపుట్‌లో ఒక మోటారుసైకిల్ మెకానిక్ చనిపోయాడు. ఆయనకు డెబ్బై ఒకటో ఏడు. శవాన్ని తీసుకెళ్ళే వ్యానుకి పక్క టైర్ల దుకాణం చైనా ఆయన పెద్ద పూలచక్రం కట్టించాడు. దాని మీద మలయ్‌లో, బంగారు రంగు అక్షరాలతో, "సెలవు, జనరల్" అని రాసి ఉంది. పెద్ద రోడ్డు మలుపులో ట్రాఫిక్ చూస్తున్న పోలీసు కుర్రాడు ఆ అక్షరాలు చదివాడు. వ్యాను వెనక నడుస్తున్న మమ్మల్నీ, మా వెనక నెమ్మదిగా వస్తున్న ముప్ఫై నలభై మోటారుసైకిళ్ళనీ చూశాడు. ఎవరో పెద్ద సైన్యాధికారి పోయాడనుకున్నాడు పాపం. నాలుగు వైపులా బళ్ళు ఆపేశాడు. మడమలు కలిపి, చెయ్యి నుదుటికి ఆనించి, వ్యాను దాటేదాకా కదలకుండా నిలబడ్డాడు.

మలుపు దాకా సాగనంపడానికి వచ్చిన ఆయన భార్య, మా అత్తయ్య, ఏడుపు ఆపి అతనికేసి చూసింది. నా చెయ్యి పట్టుకుని, "ఏటే, ఆ పోలీసోడు ఈయనకి సలాం కొడతన్నాడా?" అంది.

"అవునత్తయ్యా. నిజం జనరల్ అనుకున్నాడు."

"అనుకోనీ. నువ్వెల్లి సెప్పకు" అంది. మళ్ళీ ఏడుపు అందుకుంది.

ఆయన్ని నేను మావయ్య అనేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. మా తెలుగువాళ్ళలో ఒక వయసు దాటిన మగవాళ్ళందరూ మావయ్యలే. ఊరు మాత్రం జనరల్ అనేది. పేరు ఎందుకులెండి, చివరికి ఆయనే దాన్ని వాడడం మానేశాడు. ఏ సైన్యంలోనూ ఒక్క రోజు పనిచెయ్యలేదు. ముప్ఫై ఏళ్ళకి పైగా, ఏడాదికి ఒక మధ్యాహ్నం, పక్కనున్న ఇపో పట్నంలో మా తెలుగు సంఘం హాలులో, నలభై నిమిషాలు ఫ్రెంచి జనరల్‌గా ఉండేవాడు. మిగతా ఏడాదంతా ఆ నలభై నిమిషాల గురించి మాట్లాడేవాడు.

ఆ నాటకం రాసింది మాస్టారు. తోటల బడిలో తెలుగు చెప్పిన మనిషి. తెలుగు బడులు ఒక్కొక్కటే మూతపడుతుంటే వచ్చిన కోపమంతా తెచ్చి నాటకంలో పెట్టాడు. కథ మా అందరికీ తెలిసిందే. మా వాళ్ళు రబ్బరు తోటల్లో పనికి ఓడెక్కడానికి చాలా ముందు, వాళ్ళ నేల మీద ఒక చిన్న కోట. పక్క రాజు పగబట్టి, ఒక ఫ్రెంచి జనరల్ని ఫిరంగులతో సహా వెంటబెట్టుకొస్తాడు. కోటలో ఉన్న వీరుడు లొంగనంటాడు. అందరూ పోతారు, కోటా పోతుంది. ఏటా ఉగాదికి అది చూసి ఏడ్చి, పులిహోర తిని, ఇళ్ళకి పోయేవాళ్ళం. ఆ జనరల్ పేరు కూడా నేను రాయను. మా హాలులో దాన్ని మేము తలో రకంగా పలికాం, ఏది సరైనదో ఫ్రాన్సు వాళ్ళకే తెలియాలి.

మావయ్య మొదట వచ్చింది వీరుడి వేషం కోసం. అప్పటికి నలభై నిండలేదు. ఆరడుగుల మనిషి, గుబురు మీసం. నాకు అప్పుడు ఇరవై. తెలుగు అక్షరాలు చదవడం వచ్చిన పాపానికి నన్ను తెర పక్కన కూర్చోబెట్టి, మాటలు అందించే పని అప్పగించారు. అందుకే అంతా నా కళ్ళ ముందే జరిగింది.

మాస్టారు, "ప్రాణం పోయినా కోట ఇవ్వను, అను" అన్నాడు.

మావయ్య గుండె విరుచుకుని, హాలు అదిరేలా, "నా పేణం పోయినా కోట కుడుక్క మాట్టేన్ లా!" అన్నాడు.

ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, షాపులో మలయ్. అన్నీ కలిసి అలా బయటికొచ్చాయి. చివర్లో ఆ 'లా' ఒకటి. మా దేశంలో మాటకి తోకలా తగిలించకపోతే మాట పూర్తయినట్టే ఉండదు.

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఒరే అబ్బాయ్, నీ ఒడ్డూ పొడుగూ వీరుడివే. నోరే పరాయిది. ఫ్రెంచివాడికి తెలుగు రాదు కదా, నువ్వు ఆ వేషం వెయ్యి. నీకు కష్టం ఉండదు, చూసేవాళ్ళకి అనుమానం రాదు."

"ఆడు దుష్టుడు గదా మాస్టారూ!"

"నాలుగు మాటలే."

"దుష్టుడు, పైగా నాలుగు మాటలేనా!" అని ఆయన ఇంకా బాధపడ్డాడు.

అయినా వేశాడు. మోటారుసైకిల్ సీటు రెగ్జిన్ కత్తిరించి మూడు మూలల టోపీ కుట్టించుకున్నాడు. పాత కార్బ్యురేటర్లలోంచి తీసిన ఇత్తడి ముక్కలు గుండెల మీద పతకాలయ్యాయి. ఆయన సైన్యం నలుగురు. ఆ మొదటి ప్రదర్శనలో ఫిరంగి చప్పుడుకి వెనకాల టపాకాయలు పేలగానే, ముందు వరసలో కూర్చున్న వాళ్ళమ్మ లేచి నిలబడింది.

"ఓరి సచ్చినోడా! ఆ కోటలో కుర్రగుంటలు నిన్నేటి సేసినార్రా?"

జనరల్ గారు ఫిరంగి వదిలేసి స్టేజి అంచుకొచ్చారు. "నాను కాదమ్మా, జనరల్ లా!"

అత్తయ్యతో ఇంకో రకం కష్టం. హాలులో అందరూ నాటకమని ఏడ్చి ఊరుకునేవారు. ఆవిడ ఊరుకునేది కాదు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్న మొగుడితో, "కోట మొత్తం కాల్చేసి వచ్చి కూడు అడుగుతావా? ఎల్లు, ఆ పిరంగి తిను" అనేది. ఉగాది తర్వాత రెండు రోజులు ఆయన రోడ్డు మీది కొట్టులో రోటీ తిని బతికేవాడు. ఇది చాలా ఏళ్ళు ఇలాగే జరిగింది. కొట్టువాడికి తెలుగు పండగలేమీ తెలియవు గానీ, జనరల్ పొద్దున్నే వచ్చి రోటీ అడిగితే మా కొత్త సంవత్సరం వచ్చిందని గుర్తుపట్టేవాడు.

మూడో ఏడు రిహార్సల్లో మావయ్య ఉన్నట్టుండి ఆగి, "మాస్టారూ, ఈ జనరల్‌ది ఏ ఊరు?" అని అడిగాడు.

"వాడి ఊరు నీకెందుకురా? వస్తాడు, కాలుస్తాడు, పోతాడు."

"ఎక్కడినుంచి వస్తాడు? అమ్మ ఉందా? పెళ్ళయినాదా? ఊరికే ఎవులూ వచ్చి కాల్చరు గదా."

మాస్టారికి తెలియలేదు. తెలియదని ఒప్పుకోవడం ఇష్టం లేక, "నోరు మూసుకుని నిలబడు" అన్నాడు.

ఆ తర్వాతి శనివారం మావయ్య నేను పనిచేసే మందుల షాపుకి వచ్చాడు. లైబ్రరీలో ఏదో లావుపాటి ఇంగ్లీషు చరిత్ర పుస్తకం పట్టుకుని, జనరల్ ఉన్న పేజీలన్నీ జిరాక్సు తీయించాడు. ఆయనకి ఇంగ్లీషు స్పేరు పార్టుల పేర్ల వరకే వచ్చు. దగ్గు మందు కోసం నిలబడ్డవాళ్ళని పక్కకి జరిపి, కాగితాలు కౌంటరు మీద పరిచాడు.

"కోడలా, ఇదేటి సెప్పు. ఈ మాట తొమ్మిది సార్లు వచ్చినాది."

"సీజ్ అంటే ముట్టడి మావయ్యా. కోట చుట్టూ సైన్యాన్ని నిలబెట్టి, లోపలివాళ్ళని కదలనివ్వకపోవడం."

"ముట్టడి." రెండు మూడు సార్లు అనుకున్నాడు. "మంచి మాట లా." జేబులోంచి పెన్ను తీసి, రోమన్ అక్షరాల్లో అరచేతి మీద రాసుకున్నాడు.

అలా ఒక ఏడాది పాటు, శనివారం ఒక పేజీ చొప్పున, ఫ్రెంచి జనరల్ జీవితం మా షాపులో నడిచింది. మంచి పేరు తప్ప ఇంకేమీ మిగలని ఇంట్లో పుట్టడం, కుర్రతనంలోనే ఓడెక్కి పుదుచ్చేరి రావడం, ఎవరూ ఎక్కలేరన్న కొండకోటని ఒక్క రాత్రిలో ఎక్కెయ్యడం. హైదరాబాదులో నవాబుని గద్దె మీద నిలబెట్టినవాడు ఈయనే. ఆ నవాబే ఎదురుతిరిగితే కొద్దిమంది సైనికులతో ఒక తోట మహల్లో దూరి, సాయం వచ్చేదాకా వారాల తరబడి నిలబడ్డవాడూ ఈయనే. తర్వాత ఇంగ్లీషువాళ్ళకి చిక్కాడు, దేశం వెళ్ళిపోయాడు. ముసలితనంలో, కాళ్ళు కదలని స్థితిలో, మళ్ళీ పంపిస్తే మళ్ళీ వచ్చాడు. పుదుచ్చేరిలోనే పోయాడు.

ఆఖరి పేజీ చదివిన రోజు మావయ్య కాగితాలు మడిచి చొక్కాలో పెట్టుకుంటూ, "ఆడూ ఓడెక్కి వచ్చినోడే. మా తాతా ఓడెక్కి వచ్చినోడే. ఎక్కడికెల్తన్నారో ఇద్దరికీ తెల్దు" అన్నాడు. వెనక లైన్లో ఉన్న మలయ్ ఆవిడ తలనొప్పి మాత్ర అడగడం మానేసి ఆయనకి కుర్చీ జరిపింది.

అప్పటినుంచి తన షాపులో ఎవరి బండి విప్పినా జనరల్ ప్రయాణం మొదలయ్యేది. పంక్చర్‌కి వచ్చినవాడికి కొండకోట. క్లచ్ మార్చాలంటే నవాబు గద్దె. ఇంజను మొత్తం దింపాల్సివస్తే హైదరాబాదు ముట్టడి, తోట మహల్లో తిండి అయిపోవడంతో సహా. బెంచీ మీద స్పార్క్ ప్లగ్గులు వరసగా నిలబడితే అవి ఫ్రెంచి సైన్యం. నట్లూ బోల్టులూ నవాబు సైన్యం, లెక్కలేనంత. చేతులకి ఎప్పుడూ గ్రీజే కాబట్టి వచ్చినవాళ్ళకి మోచేత్తో సెల్యూట్ చేసేవాడు. కోట పడకుండా బండి ఇచ్చేవాడు కాదు. ఒక మలయ్ పోస్టుమ్యాన్ అయితే బండికి ఏమీ కాకపోయినా వచ్చి, "పోయినసారి సాయం దారిలో ఉందన్నావు, వచ్చిందా?" అని కనుక్కుని పోయేవాడు.

పక్క టైర్ల దుకాణం చైనా ఆయనకి ఇదంతా కంఠతా వచ్చేసింది. ఒకసారి టైరు దొర్లించుకుంటూ వెళ్తూ, "జనరల్, పోయిన నెల ఏనుగులు పన్నెండన్నావు. ఇవాళ పద్నాలుగంటున్నావు" అన్నాడు.

"రెండు ఈనినాయి బాస్" అన్నాడు మావయ్య, తల ఎత్తకుండా.

అంతా చదివాక ఆయనకి నాటకం మీద కోపం వచ్చింది. కోట పడ్డాక ఒక ముసలి సేవకుడు రాజుగారి పసివాణ్ణి తెచ్చి జనరల్ ముందు పెడితే, ఆయన బిడ్డని చంపనివ్వకుండా కాపాడాడని పుస్తకంలో ఉంది. మా నాటకంలో లేదు.

"అది రాయండి మాస్టారూ."

"ఒరే, జనం గుండెలు బాదుకుని ఏడుస్తుంటే మధ్యలో నీ మంచితనం ఏమిట్రా?"

"నాది కాదు మాస్టారూ, ఆయనది."

ఏటా అడిగాడు. ఏటా మాస్టారు వద్దన్నాడు. ఏడో ఏట, మావయ్య మాస్టారి స్కూటర్ని విప్పి, చక్రాలు ఒకచోటా ఇంజను ఒకచోటా పెట్టి మళ్ళీ అడిగాడు. మాస్టారు ఒప్పుకున్నాడు. ఒక్క షరతు, బిడ్డని ఎత్తుకోవాలి, నోరు తెరవకూడదు.

బొమ్మని అత్తయ్యే కొనుక్కొచ్చింది, బుగ్గలు ఎర్రగా ఉన్న పెద్ద ప్లాస్టిక్ పాప. దాని వీపులో బ్యాటరీ ఉందని ఎవరూ చూసుకోలేదు. ప్రదర్శనలో అందరూ చచ్చిపోయారు. హాలంతా ముక్కులు చీదుతున్న శబ్దం. ముసలి సేవకుడు వణుకుతూ బిడ్డని అందించాడు. జనరల్ రెండు చేతులతో పైకెత్తాడు. బొమ్మ కళ్ళు ఆర్పి, "హలో మమ్మీ!" అని చైనా భాషలో హుషారైన పాట ఒకటి అందుకుంది.

హాలు పగలబడి నవ్వింది. శవాలు కూడా నవ్వాయి. మాస్టారు తల పట్టుకున్నాడు. జనరల్ మాత్రం నవ్వలేదు. బొమ్మని నోరు మూయించడానికి ప్రయత్నించలేదు. దాన్ని గుండెలకి ఆనించుకుని, షరతు మర్చిపోయి, "బతికినావు గదా. పాడు నాయనా, పాడు" అన్నాడు. నవ్వులు వరసకొకటి చొప్పున ఆగిపోయాయి. పాట అయ్యేదాకా అందరం అలాగే విన్నాం.

ఆ రోజు అత్తయ్య ఇంట్లో కంచం పెట్టింది. "పసోణ్ణి ఒగ్గేసినావని పెడతన్నాను. మిగతావోళ్ళ సంగతి నాను మర్సిపోలేదు" అంది.

అరవై దాటాక ఒక పొద్దున మావయ్య కుంటుకుంటూ మా మందుల షాపుకొచ్చాడు. కాలి బొటనవేలు టమాటాలా ఉంది. రక్తపరీక్ష కాగితం తెచ్చాడు. చూసి, "గౌట్ మావయ్యా. కీళ్ళలో వచ్చే వాతం. మాంసం తగ్గించాలి, ఎండు నెత్తళ్ళ చేపలు మానెయ్యాలి" అన్నాను.

ఆయన మొహంలో ఒక్కసారిగా వెలుగొచ్చింది. "గౌటా? జనరల్‌కి ఉన్నాది గదా, అదేనా?"

"అదే."

"అదే కాలా?"

పుస్తకంలో ఏ కాలో లేదు. కుడికాలే అయ్యుంటుందని ఆయనే తేల్చుకున్నాడు. ఆ ఏడు తన షాపుకొచ్చిన ప్రతివాడికీ వేలు చూపించాడు. నెత్తళ్ళు మానలేదు. నడవలేని జనరల్‌ని పల్లకీలో మోసుకుపోయారని పుస్తకంలో ఉంది కాబట్టి తనకీ ఏదో ఒకటి కావాలన్నాడు. చివరికి ఒక పాత మోటారుసైకిల్ సైడ్‌కారు పక్కబండిని విడదీసి, చక్రాలు బిగించి, ఎర్ర గుడ్డ కప్పి, దాంట్లో కూర్చుని స్టేజి మీదికి వచ్చాడు. నలుగురు సైనికుల్లో ఇద్దరు బండి తొయ్యడానికే సరిపోయారు. కోట మీద పడటానికి సగం సైన్యమే మిగిలింది.

ఈ లోపల ఇంకో సంగతి జరిగింది, అదెప్పుడు జరిగిందో మేమెవరం గమనించలేదు. మావయ్యకి తెలుగు వచ్చేసింది. రోమన్‌లో రాసుకుంటే 'ళ' పోతోందని, నా దగ్గర మందుల కాగితాల వెనక అక్షరాలు దిద్దాడు. జనరల్ మంచివాడని వాదించడానికి మాటలు కావాలి కదా, మాస్టారి దగ్గర ఒక్కొక్కటే అడిగి తెచ్చుకున్నాడు. ఇంట్లోనూ షాపులోనూ మామూలు మాటే. స్టేజి ఎక్కితే మాత్రం అచ్చు వేసినట్టు పలికేవాడు. ఇటు వీరులు మారుతూ వచ్చారు. మొదటి వీరుడు కౌలాలంపూర్ వెళ్ళిపోయాడు. రెండోవాడు లావైపోయి కోట గోడ ఎక్కలేకపోయాడు. చివరికి రవి వచ్చాడు. ఇపోలో ఫ్యాక్టరీలో ఇంజనీరు, మంచి పిల్లవాడు. తెలుగు అంతా అర్థమవుతుంది, నోటికి రాదు. నాయనమ్మ కోసం ఒప్పుకున్నాడు.

ఒక ఏడు శ్రీకాకుళం నుంచి చుట్టపుచూపుగా వచ్చిన పెద్దావిడ నాటకం చూసి, పులిహోర దగ్గర నన్ను పట్టుకుంది. "ఆ ఫ్రెంచాయన తెలుగు ఎంత సుబ్బరంగా ఉందమ్మా! మిగతావోళ్ళు ఏ దేశపోళ్ళు?"

ఈ మాట మాస్టారి చెవిన పడింది. మర్నాడే మావయ్యని పిలిపించాడు. "ఒరే, నీ తెలుగు పాడు చెయ్యి."

"ఎంత పాడు సెయ్యాలి మాస్టారూ?"

"మొదటి రోజు వచ్చినప్పుడు ఎంత ఉందో అంత."

మావయ్య లేచి నిలబడి, గొంతు సవరించుకుని, స్టేజి మీది మాట పాడుచేసి పలకడానికి మూడు సార్లు ప్రయత్నించాడు. మూడు సార్లూ చక్కగా వచ్చింది. చెమట తుడుచుకుని, "రాట్లేదు మాస్టారూ. మర్సిపోయినాను" అన్నాడు.

రెండేళ్ళ కిందట ఉగాది రోజు, సరిగ్గా నాలుగు గంటలకి, రవి కోట గోడ ఎక్కి జనరల్‌కి ఎదురుగా నిలబడగానే వాన అందుకుంది. మా హాలుకి జింకు రేకుల కప్పు. వాన పడితే పక్కవాడి మాట వినపడదు. రవి నోరు తెరిచాడు, మూశాడు. అతనిది పెద్ద మాట, దాదాపు ఒక పేజీ. నేను తెర పక్కనుంచి అందిస్తున్నాను, తర్వాత అరుస్తున్నాను. అతనికి వినపడడం లేదు. వెనక వరసల్లో ఎవరో కుర్రాళ్ళు ఈల వేశారు.

జనరల్ పక్కబండిలోంచి లేచాడు. వానని మించిన గొంతు ఆయనది.

"వీరుడా! నీ మౌనం నాకు అర్థమైంది. ఈ మట్టి మీ తాతలది, పిడికెడు కూడా ఇవ్వనంటావు. అంతేనా?"

రవి ఆయనకేసి చూశాడు. "అంతే!"

"మా ఫిరంగులు గోడలు కూలుస్తాయి గానీ మీ గుండెలు కూల్చలేవంటావు. ఔనా?"

"ఔను!"

"మీ ఆడవాళ్ళు కూడా కత్తి పట్టగలరంటావు."

"అంటాను!"

"నన్ను వచ్చిన దారినే పొమ్మంటావు."

రవికి అక్కడ ప్రాణం లేచివచ్చింది. "పో!" అని అరిచాడు. హాలు చప్పట్లతో మోగిపోయింది.

"పోను" అన్నాడు జనరల్. ఫిరంగులు పేలాయి.

తర్వాత కొద్ది నెలలకే మాస్టారు ఆసుపత్రిలో చేరాడు. ఎనభై తొమ్మిదేళ్ళు. ఒక సాయంత్రం మావయ్యనీ నన్నూ రమ్మన్నాడు. గొంతు సన్నగిల్లిపోయింది. "ఒరే అబ్బాయ్, వచ్చే ఉగాదికి వీరుడు నువ్వే."

మావయ్య మంచం పక్క స్టూలు మీద కూర్చున్నాడు. మోకాళ్ళ మీద చేతులు, గోళ్ళలో గ్రీజు. ఆ మాట కోసం ఆయన ఎంతకాలం చూశాడో నాకు తెలుసు.

"మరి జనరల్ ఎవులు?" అన్నాడు.

"ఎవరో ఒకరు. రవి వేస్తాడు. ఏమంత మాటలుంటాయి?"

మావయ్య తల అడ్డంగా ఊపాడు. "ఆ అబ్బాయి వేస్తే ఊరికే దుష్టుడైపోతాడు మాస్టారూ. రవికి కొండకోట తెల్దు. తోట మహల్లో తిండి లేకుండా కూకున్నది తెల్దు. కాలినొప్పి తెల్దు. ఆ మనిసికి ఈ దేశంలో నాను తప్ప ఎవులున్నారు?"

మాస్టారు నవ్వబోయి దగ్గాడు. నర్సు వచ్చి నీళ్ళు పట్టింది. "అయితే ఆ కోటని ఎవడు కాస్తాడ్రా?"

"రవిని నాకు ఒగ్గండి" అన్నాడు మావయ్య.

మాస్టారు తర్వాతి ఉగాది చూడలేదు. ఆ ఏడు నాటకం వెయ్యలేదు. రవిని మాత్రం మావయ్య వదల్లేదు. ప్రతి శనివారం డ్యూటీ దిగగానే అతను సుంగై సిపుట్ రావాలి. ముక్కాలిపీట మీద నిలబడాలి, అదే కోట గోడ. మావయ్య కింద కూర్చుని చెయిన్లు బిగిస్తూ వినేవాడు. తప్పు పలికితే స్పానరుతో రేకు మీద కొట్టేవాడు. "పిడికెడు అను. పిడిక్‌డూ ఏటి, ఉడుపి హోటల్లో వంటకంలాగ?" రవి పేచీ పెట్టకుండా మళ్ళీ అనేవాడు. టైర్ల దుకాణం చైనా ఆయన పదో వారం తన గుమ్మంలో నిలబడి మొదటి వాక్యం గడగడా అప్పజెప్పాడు. రవికి పదమూడో వారం వచ్చింది.

ఈ ఉగాదికి వాన లేదు. ఎండ ఫెళ్ళున కాస్తోంది. హాలులో సగం కుర్చీలే నిండాయి. నేను తెర పక్కన నాటకం కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, వేలితో వరస పట్టుకుని కూర్చున్నాను. రవి గోడ ఎక్కాడు. చేతిలో కాగితం లేదు, ఫోను లేదు.

మొదలుపెట్టాడు. నేను అందించడానికి నోరు తెరుచుకుని ఉన్నాను. అవసరం రాలేదు. మొదటి వాక్యానికి ముసలివాళ్ళు ముందుకి వంగారు. మధ్యకి వచ్చేసరికి, ఫోన్లు చూసుకుంటున్న పిల్లలు తలలెత్తారు. మట్టి గురించి, గోడల గురించి, ఓడెక్కి వచ్చినవాళ్ళ గురించి ఆ పేజీ మొత్తం, ఒక్క అక్షరం జారకుండా చెప్పాడు. చివరి మాట అనేసి కత్తి ఎత్తి నిలబడ్డాడు.

ఇప్పుడు జనరల్ ఫిరంగులు కాల్చమనాలి. వెనకాల టపాకాయల మనిషి అగరవత్తి వెలిగించి చూస్తున్నాడు. మాట రాలేదు. తెర సందులోంచి చూశాను. మావయ్య టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. నోరు కొంచెం తెరుచుకుని, రవికేసి చూస్తూ ఉండిపోయాడు.

అన్నేళ్ళలో ఆయనకి నేను ఒక్క మాట కూడా అందించాల్సిన పని పడలేదు. "కాల్చండి" అన్నాను మెల్లగా. కదల్లేదు. "మావయ్యా, కాల్చండి అనాలి."

ఆయన తెర వైపు తిరిగాడు. కాలరుకి మైకు ఉన్న సంగతి మర్చిపోయాడు.

"ఉండు కోడలా" అన్నాడు, హాలంతటికీ వినపడేలా. తర్వాత కోటకేసి తిరిగి, "వీరుడా, ఇంకొక్కసారి చెప్పు" అన్నాడు.

రవి కత్తి దించాడు. ఒక క్షణం ఆలోచించాడు. మళ్ళీ మొదటి మాట దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఈసారి తొందరపడకుండా, మొత్తం చెప్పాడు. జనరల్ చివరి అక్షరం దాకా విని, టోపీ పెట్టుకుని, నడుం నిటారు చేసి, ముందు వరసలో పిల్లలు కెవ్వుమనేలా, ఫిరంగులు కాల్చమన్నాడు.